ఏటి పాలైన సమాధులు

మనలో పెక్కు కుటుంబములవారు చనిపోయినవారి యస్థికలను నదిలో గలుపుట పుణ్యమని తలంతురు. కాశికి పోగలవారు కాశికి, పోలేనివారు కృష్ణకు, అదియు సాగనివారు ఊరి ప్రక్కనున్న యేటికైనను గొనిపోయి, యస్థికలను విడిచి, స్నానము చేసి, వెనుదిరిగి చూడక యింటికి వత్తురు. నది కొనిపోయినదానిని మరల వెదకుట వారి యాచారమున లేదు. కాని మన యేళ్ల యొడ్డుననే, నది కొనిపోయినదానిని వెదకికొనుచు సముద్రములు దాటి వచ్చువారు కలరు. అట్టివారి వెదకులాటకు కొంత తోడుపడు నవకాశము మాకు లభించినది. ఆ సందర్భమున మార్కాపురము, కంభము, గిద్దలూరు సీమలను జూచితిమి. అక్కడ జూచినదియు, విన్నదియు, తెలిసికొన్నదియు మీతో జెప్పికొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ సీమకు పడమట నల్లమల కొండలు, తూర్పున వెలిగొండలు. నడుమనున్నది రాతినేల. వానలు తక్కువ. మార్కాపురము చెన్నకేశవస్వామి కోవెలకెంత ప్రసిద్ధమో, పలకరాతికి నంత ప్రసిద్ధము. మన పిల్లలు ఓనమాలు దిద్దిన రాతిపలకలలో నెన్నియో యీ నేలనుండి వచ్చినవే. ఈ భూములకు ప్రాణాధారమైన యేఱు గుండ్లకమ్మ. అది నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరము చెంత బుట్టి, కంభము చెఱువులో జొచ్చి, అటనుండి వెడలి, మార్కాపురము, అద్దంకి ప్రాంతముల మీదుగా బోయి, ఒంగోలునకు సమీపమున సముద్రమున గలియును. వేసవిలో జూచినచో నిసుక మాత్రమే కనబడును. తుపాను వానలు పట్టినపుడు మాత్రము ఆ యేఱు మఱియొక యేఱగును. ఒడ్డులను గోసికొనుచు, నిన్నటి పొలమును నేటి ప్రవాహముగా జేయుచు బోవును.

కంభము చెఱువు చూడదగినది. రెండు కొండల నడుమ గుండ్లకమ్మ వెడలు సందును కట్టతో మూసి దానిని నిర్మించిరి. కట్టయెత్తు 57 అడుగులని పాత ప్రభుత్వ గ్రంథములు చెప్పుచున్నవి. కృష్ణదేవరాయల దేవియు, గజపతుల యాడుపడుచును అగు వరదరాజమ్మ దీనిని గట్టించెనని యచటివారి వాడుక. 2020వ సంవత్సరమున అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు ఈ చెఱువును ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడములలో జేర్చిరి. కట్టపై నిలిచి చూచినపుడు ఒకవైపు కొండల నీడలతో నిండిన నీరు, మఱియొకవైపు పచ్చని మాగాణి. ఐదువందల యేండ్లుగా నొక స్త్రీ పేరు నిలిపిన కట్టయది. ఆమె సమాధి యెచట నని యడుగువారెవ్వరును లేరు. అడుగ నక్కఱయు లేదు.

మాకు వచ్చిన పని వేఱు. మా యింటివారు ఉపాధ్యాయులు. వారి పూర్వవిద్యార్థి యొకడు విదేశమున నుండి యొక జాబు వ్రాసెను. తన కెఱుకయైన యొక యాంగ్ల వృద్ధురాలు కూతుతో గూడ మన దేశమునకు వచ్చుచున్నదనియు, ఆమె ముత్తాత రైలుదారి పనిలో మేస్త్రీలపై నధికారిగా నుండి, జ్వరముచే మరణించెననియు, కంభము దగ్గఱ ఏటి యొడ్డున బూడ్చిరని వారి కుటుంబపు కాగితములలో నొక వాక్యము కలదనియు, చేతనైన సాయము చేయుడనియు నందులో నుండెను. ముత్తాత చనిపోవునప్పటికి ముత్తవ్వ వయస్సు ఇరువదియాఱేండ్లు. ఒడిలో నొక బిడ్డ, కడుపులో నొక బిడ్డ. ఆమె ఆ గోరీని రెండవమాఱు చూడక యోడ యెక్కినదట. చూచి రమ్మని కొడుకునకు జెప్పినది. కొడుకు తన కూతునకు జెప్పినాడు. ఆ మాట నాలుగు తరములు దాటి మా యింటి గుమ్మమునకు వచ్చినది.

ఆ రైలుదారి కథ కొంత చెప్పవలెను. 1876-78 సంవత్సరముల మహాక్షామమున దక్షిణదేశమున లక్షలాది జనులు చచ్చిరి. ధాన్యమున్నచోటినుండి లేనిచోటికి గొనిపోవుటకు దారిలేకపోవుటయు నా చావులకు నొక కారణమని తేలిన పిమ్మట, కఱవు నివారణకై కొన్ని రైలుదారులను తలపెట్టిరి. గుంతకల్లునుండి నంద్యాల, గిద్దలూరు, కంభము, మార్కాపురముల మీదుగా కృష్ణ యొడ్డునకు బోవుదారి యట్టిది. 1880ల దశకమున దాని నిర్మాణము సాగినది. నంద్యాలకును గిద్దలూరునకును నడుమ నల్లమలను దాటవలసివచ్చెను. బొగద సొరంగము, దొరబావి వంతెన ఆ కాలపు పనులే. 1990ల దశకమున దారిని వెడల్పు చేసి మార్చినపుడు ఆ వంతెనను విడిచివేసిరి. నేడు బండిలో దిగువమెట్ట దాటి పోవునపుడు కిటికీనుండి యడవి యందముగనే కనబడును. ఆనాడు ఆ యడవిలో గుడారములలో బరుండినవారికి చలిజ్వరమే యమదూత. చెడుగాలివలన నా జ్వరము వచ్చునని యప్పటివారి నమ్మకము. దోమవలన వ్యాపించునని రొనాల్డు రాసు సికింద్రాబాదున గనిపెట్టుట 1897వ సంవత్సరపు మాట. అనగా దారి పూర్తియైన తరువాతి మాట. కిటికీలు మూసికొని గాలిని ఆపినవారు, తలాపుననున్న నీటిగుంటను మాత్రము పూడ్చరైరి.

వచ్చినవారు పట్టుదల గలవారు. రాకముందే చేయవలసిన వెదకులాట యంతయు జేసిరి. కుంఫిణీ కాలమునుండియు మద్రాసు రాజధానిలో జరిగిన బాప్తిస్మములు, వివాహములు, ఖననములు చర్చి పుస్తకములలో వ్రాసి, వాని నకళ్లను లండనునకు బంపుచుండిరి. 1698వ సంవత్సరమునుండి యట్టి నకళ్లు కలవు. అవి యిప్పుడు అక్కడి బ్రిటిషు లైబ్రరీలో నున్నవి. 1905వ సంవత్సరమున జూలియన్ జేమ్సు కాటను అను నధికారి మద్రాసు రాజధానిలోని సమాధుల శాసనములను గూర్చి యొక పెద్ద పట్టిక ప్రకటించెను. 1976వ సంవత్సరమున దక్షిణాసియాలోని యూరపియను శ్మశానముల కొఱకు లండనున నొక సంఘము నేర్పఱచిరి. వా రూరూరను సమాధులను లెక్కించి, శాసనముల నకలు వ్రాసికొని, పుస్తకములు ప్రకటించుచున్నారు. ఇన్ని యుండియు నీ కుటుంబమువారికి దొరికినది చర్చి పుస్తకములో నొక పంక్తి మాత్రమే. పేరు, వయస్సు, తేది, జ్వరము. స్థలమునకు “కంభము” అని యొక్క మాట. కాటను పట్టికలో చరిత్రకు బనికివచ్చు శాసనములకే తావు. రైలు మేస్త్రీలపై యధికారికి చరిత్రలో నంత చోటు లేదు.

ఆ యొక్క మాటయు చిక్కులపాలు చేసినది. తమిళదేశమున తేని సీమలో మఱియొక కంబము కలదు. ఇంగ్లీషులో రెంటిని ఒకే యక్షరములతో వ్రాయుదురు. వారు మొదట రెండేండ్లపాటు ఆ తమిళపుటూరి శ్మశానములను గుఱించి జాబులు వ్రాసిరట! ఇక జిల్లాల సంగతి. 1800వ సంవత్సరమున నిజాము దత్తమండలములను కుంఫిణీకి విడిచినపుడు కంభము సీమ యందులో జేరినది. పిమ్మట కడప మండలములో నుండెను. 1858లో కర్నూలు మండలము నేర్పఱచినపుడు కర్నూలులో గలిసెను. 1970లో ఒంగోలు రాజధానిగా క్రొత్త జిల్లా నేర్పడగా నందు జేరెను. ఆ జిల్లాకు 1972లో ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. నేల కదలలేదు. కాగితములే యిల్లిల్లు తిరిగినవి. మన యిండ్లలో పాత దస్తావేజులు వెదకువారికి నీ సంగతి యుపయోగపడునని చెప్పుచున్నాము. తాతగారు పుట్టిన జిల్లా పేరు వేఱు, చనిపోయిన జిల్లా పేరు వేఱు కావచ్చును. వారు మాత్రము ఒకే వసారాలో నుండి యుందురు.

సంక్రాంతి దాటిన వారమున మేమందఱము కంభము చేరితిమి. మా యత్తగారు చెఱువు చూడవలెనని తోడువచ్చిరి. ఆ ముసలామె వయస్సు డెబ్బదికి బైబడినది. చేతికఱ్ఱతో మెల్లగా నడచుచు, కూతుచేయి పట్టుకొనక, యేటిగట్టు వెంబడి తిరిగినది. కాగితములో నొక గుఱుతు కలదు. ఏటికి నూఱు గజముల దూరమున, రెండు చింతచెట్లకు నడుమ నని. చింతచెట్లకు ఆ దేశమున కొదువయా! ఏటికి నూఱు గజములన్నచో, ఏనాటి యేటికి?

రేవులో బట్టలుతుకుచున్న యొక యవ్వను మా యింటివారు పలుకరించిరి. ఆమె నీళ్లలో నిలిచియే చెప్పినది: “ఈడ దొరల గోరీలుండాయని మా జేజి చెప్పేది నాయనా. నేను చూళ్లేదు. ఏరు అప్పుడు ఆ పక్కన పారేదంట. గాలివాన వచ్చిన యేడు గట్టు తెగి, ఈ పక్కకు తిరిగింది. అంతా ఏట్లోకి పోయినాయి. ఈ బండలన్నీ యాడాడివో, ఎవురికి తెల్సు?”

ఆమె బట్టలుతుకు బండ నునుపైన నల్లరాయి. నాలుగు మూలలును సమముగా జెక్కినట్లుండెను. మేము మోకాళ్లబంటి నీటిలో దిగి, దానిపై చేయి వేసి తడవితిమి. ఆ యాంగ్ల వృద్ధురాలును తడవినది. ఒక యక్షరమైనను తగులలేదు. అది గోరీరాయి యగునో కాదో చెప్పుట కెవ్వరివలనను గాలేదు. ఆమెయు నది తన ముత్తాతదే యని పట్టుపట్టలేదు. తడిచేతిని తుడుచుకొనక కొంతసేపు నిలిచి, “మా ముత్తవ్వకు జెప్పుటకు నాకేమియు దొరకలేదు” అన్నది. మా యింటివా రా మాటను తెలుగున జెప్పిరి.

మా యత్తగారు ఆమె ప్రక్కన గట్టుపై గూర్చుండి, “ఇదేమి చోద్యమమ్మా! నదిలో గలిసినవానికి లోటేమున్నది? సగరుని కొడుకులు బూడిదయై పాతాళమున బడియుండగా, మనుమడు అంశుమంతుడు వెదకికొనుచు బోయి యా బూడిదను జూచెను. అటుపై మూడవ తరమువాడు భగీరథుడు నదినే వారియొద్దకు దెచ్చెను. నీ ముత్తాతకొఱకు నది తనంత తాను నడచివచ్చినది. నీ కా శ్రమయు లేదు” అనిరి. మా యింటివారు తమకు వచ్చినంతలో దానిని వివరించిరి. ఆమె నవ్వినది. నవ్వుచునే కన్నీరు పెట్టుకొన్నది. “మా వారికి రాయి కావలెను. రాయిపై పేరు కావలెను” అని మాత్ర మన్నది. పిమ్మట తలలోని పువ్వు తీసి మా యత్తగారు చేతికియ్యగా, దానిని నీటిలో విడిచినది. రెండు మతముల మాటలును అక్కడ సరిపోయినవో లేదో మేమెఱుగము. పువ్వు మాత్రము ప్రవాహముతో బోయినది.

నీటి పాలైన గోరీలు ఇంకను గలవు. బందరు సంగతి పెద్దలు చెప్పగా మీరు వినియుందురు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేది రాత్రి సముద్రము పొంగి, బందరు పట్టణమును ముంచెను. ముప్పదివేలమంది చచ్చిరందురు. అంతమందికి గోరీలు కట్టువారెవ్వరు? ఇంకొకరికి మాత్రము వేఱు భాగ్యము పట్టినది. దత్తమండలములకు 1800 నుండి 1807 వఱకు ముఖ్యకలెక్టరుగా నుండి, కంభము సీమకును శిస్తు నిర్ణయించిన తామసు మన్రో దొర, గవర్నరైన పిమ్మట పర్యటనకు వచ్చి, 1827 జూలై 6వ తేదిన పత్తికొండయొద్ద విషూచిచే మరణించెను. మొదట గుత్తిలో బూడ్చి, 1831లో నస్థికలను మద్రాసు కోటలోని చర్చికి గొనిపోయిరి. గవర్నరు ఎముకలకు దారి దొరకినది. దారి వేసినవాని యెముకలకు దొరకలేదు.

మన వైపునుండియు నిట్టి వెదకులాట కలదు. తెలుగు నిఘంటువు గూర్చి, మన కావ్యముల తాళపత్రములను సేకరించి కాపాడిన బ్రౌను దొర 1884లో లండనున మరణించెను. కెన్సల్ గ్రీన్ అను శ్మశానమున నాయన సమాధి కలదు. ఆ నగరమునకు బోయిన తెలుగువారు దానిని వెదకి చూచి వచ్చుచున్నారు. రక్తసంబంధము లేదు. అక్షర సంబంధము మాత్రమే. కావున రాయి వెదకువారిని జూచి మనము నవ్వరాదు.

ఒకమాట మాత్రము మా మనస్సును నాటి విడువకున్నది. ఆ రైలుదారి పనిలో దొరయొక్కడే చావలేదు. మట్టి మోసినవారు, రాయి కొట్టినవారు, గంపనెత్తిన యాడువారు, చెట్టుకొమ్మకు ఉయ్యెల గట్టి బిడ్డను పరుండబెట్టి పనికి బోయిన తల్లులు అదే జ్వరముతో, అదే యడవిలో జచ్చిరి. దొర పేరు చర్చి పుస్తకములో నొక పంక్తిగానైన నిలిచినది. వీరి పేర్లు కూలిపట్టీలలో నున్నచో నవియు చెదపురుగుల పాలై యుండును. ఆ ముసలామె తన ముత్తాతను వెదకుటకు వచ్చినది. వీరి మునిమనుమరాండ్రు ఎచటికి బోయి వెదకవలెను? మేమీ మాట యనగా ఆమెయే, “మా కాగితములలో నొక వాక్యము కలదు. ఆయన గోతిని పనివారే త్రవ్విరని. వారి పేర్లు వ్రాయలేదు. వ్రాయవలసియుండెను” అన్నది.

వారు సెలవు తీసికొని పోయిన మఱునాడు మేము వెలిగొండల వైపు పోయి వచ్చితిమి. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల యను మూడు చోట్ల కొండల నడిమి సందులను మూసి, నల్లమలసాగర మను జలాశయమును గట్టుచున్నారు. పూల సుబ్బయ్య పేరిట వెలిగొండ పథకమన నిదియే. దీనికి 1996లో శంకుస్థాపన జరిగెను. శ్రీశైలము జలాశయమునుండి వరదనీటిని, దాదాపు 19 కిలోమీటర్ల పొడవుగల రెండు సొరంగములగుండ దెచ్చి నింపుట యుద్దేశము. 2024 మార్చిలో సొరంగములను జాతికి నంకితము చేసిరి. ఈ సీమలో బావినీటిలో ఫ్లోరైడు హెచ్చు. పండ్లు గారపట్టి, ఎముకలు వంగిన స్త్రీలను మేము కన్నులార జూచితిమి. బిందెడు మంచినీటికై యెన్నియామడలు నడచిన పాదములవి! నాలుగు లక్షల యెకరములకు బైగా సాగునకును, పదునైదు లక్షలమందికి త్రాగుటకును నీరందవలెనని లెక్క. ఇట్టి నీటిని వలదనువా రెవ్వరు? కాని ఆ నీటి క్రింద పదునొకండు గ్రామములు మునుగును.

అందొక గ్రామమున నొక యిల్లాలు మాకు మజ్జిగ యిచ్చి, ఇంటి వెనుకనున్న చేనిలోనికి దీసికొనిపోయినది. అక్కడ వేపచెట్టు క్రింద మూడు గుండ్లు. అత్తమామలవి రెండు. మూడవది ఏడేండ్ల ప్రాయమున జ్వరముతో బోయిన ఆమె పెద్దకొడుకుది. “ఇంటికి లెక్కగట్టినారు, చేనికి లెక్కగట్టినారు, చెట్టుకు గూడా కట్టినారక్కా. ఈ గుండ్లకు లెక్క యాడిది? నేను అడగలేదు. డబ్బిస్తే మాత్రం ఏం చేసుకుంటాను? నేను ఉన్నన్నాళ్లు నాకు తెలుసు ఈడున్నాడని. నా తర్వాత నీళ్లే గదా ఉండేది” అన్నది. మేము బదులు చెప్పలేకపోయితిమి. కంభము రేవున నిలిచిన యాంగ్ల వృద్ధురాలి మాటయు, ఈ యిల్లాలి మాటయు నొక్కటే. ఆమె నూఱేండ్లకు బైగా వెనుకకు జూచి చెప్పినది. ఈమె నూఱేండ్లు ముందునకు జూచి చెప్పినది.

రాజుల కట్టడములను నీటినుండి తప్పించుట మనకు దెలియును. నాగార్జునసాగరము కట్టినపుడు ఇక్ష్వాకుల కాలపు స్తూపములను, విహారములను 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి తీసి, కొండపైన మరల నిలిపిరి. శ్రీశైలము జలాశయమున మునిగిన సంగమేశ్వరస్వామి కోవెల నీరు తగ్గిన వేసవిలో బయటపడును. భక్తులు కాచుకొనియుండి దర్శించి వత్తురు. వేపచెట్టు క్రింది గుండ్లకు బురావస్తుశాఖ రాదు. అవి వేసవిలో బయటపడినను గుఱుతుపట్టువారుండరు.

అందుచే ఆ యూరినుండి వచ్చిన తరువాత మాకు దోచిన యుపాయ మొకటి వ్రాయుచున్నాము. పునరావాసమునకు బోవుచున్న కుటుంబములలోని చదువుకొన్న యాడుపిల్లలు ఒక్కొక్క నోటుపుస్తకము తీసికొని, తమ యింటి పెద్దల పేర్లు, చనిపోయిన యేడు, పూడ్చిన తావు, ప్రక్కనున్న చెట్టో బావియో వ్రాయవలెను. చేతిలోని ఫోనుతో ఆ తావునకు అక్షాంశ రేఖాంశములు తెలియును. అవియు వ్రాసి, ఛాయాచిత్రము తీసి పెట్టవలెను. చదువురాని తల్లులు చెప్పుచుండగా పిల్లలు వ్రాసిన మఱియు మేలు. కూతుళ్లను, కోడండ్రను మఱవరాదు. వంశవృక్షములలో మగవారి పేర్లే యుండుట మన దేశాచారమైనది. ఆ యింటికి మజ్జిగ చిలికి, బిడ్డలను గని, అదే మన్నులో గలిసిన స్త్రీల పేర్లు ఏ పుస్తకములోను లేవు. మునుగు గ్రామమే కానక్కఱలేదు. మన మందఱమును ఈ పని చేయవచ్చును. మీ యత్తగారి యత్తగారి పేరు మీకు దెలియునా? తెలియనిచో నేడే యడిగి వ్రాసికొనుడు. చెప్పగలవారు ఇంట నుండగానే యడుగవలెను.

మేమా యిల్లాలికి నొక పుస్తకమును, రెండు కలములను బంపితిమి. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆమె రెండవ కూతురు మొదటి పుటలో అన్న పేరు వ్రాసి, ఆ పుటకు ఛాయాచిత్రము తీసి మాకు బంపినది. క్రింద, చెట్టు పేరు వేప యనియు, చేనికి ఈశాన్యమూల ననియు, మా యమ్మ చెప్పగా వ్రాసితిననియు నున్నది.